హాయి పట్టణానికీ మన హాయికీ చుట్టరికం లేదు

తమ్ముడికి వందనాలు.

బైబిలు పేర్ల మీద నీ వ్యాసం అందింది. వాక్యం తేటగా ఉంది, చదివిస్తుంది. కానీ మూడో పేజీ నన్ను ముందుకు పోనివ్వలేదు. "ఇశ్రాయేలీయులు ఓడిన ఊరి పేరు హాయి, హాయికి అలవాటుపడిన విశ్వాసి ఓడక తప్పదు" అని రాశావు. ప్రసంగంలో చెబితే ఆమెన్లు పడే మాటే. అయినా అది తప్పు.

హెబ్రీలో ఆ ఊరు 'ఆయ్'. ముందున్న 'హ' ఆ భాషలో ఫలానాది అని సూచించే ఉపపదం. మన పాత తెలుగు బైబిలు దాన్ని పేరుతో కలిపి 'హాయి' అంది. ఉపపదం తీసేస్తే మిగిలేవి అయిన్, యోద్ అనే రెండు హల్లులు. శిథిలాల కుప్ప అనే అర్థమున్న మాట దానికి దగ్గరిది. బేతేలుకు తూర్పున చాలామంది పండితులు గుర్తించిన చోటును అరబీలో 'ఎత్ తెల్' అంటారు, అంటే దిబ్బ. 1930లలోనూ 1960లలోనూ అక్కడ తవ్వారు. క్రీ.పూ. 2400 ప్రాంతంలో కూలిపోయిన పెద్ద పట్టణం బయటపడింది. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా అక్కడ ఊరే లేదు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో చిన్న పల్లె వెలిసింది. మరి ఇశ్రాయేలీయులను ఆ ఊరి మీదికి నడిపించిన యెహోషువ కాలానికి అక్కడ ఉన్నదేమిటి? నీ పాఠకుడికి పెట్టవలసిన ప్రశ్న ఇది. నీ 'హాయి' దాన్ని కప్పేసింది.

తెలుగు లిపిలో కనబడే పేరు మీద అర్థం కట్టకు. ముందు హెబ్రీ హల్లులు బయటికి తీయి. అచ్చుల గుర్తులు క్రీస్తు తర్వాత కొన్ని శతాబ్దాలకు మసోరెతులు, అంటే హెబ్రీ బైబిలు పాఠాన్ని కాపాడిన యూదు పండితులు, చేర్చినవి, హల్లులే పాతవి. మన లిపిలో అవి కలిసిపోతాయి. ఊళ్ల పేర్లే చూడు: గిబియోనులో ఉన్నది నిజమైన 'గ', గీమెల్. గాజాలో, గొమొఱ్ఱాలో ఉన్నది అయిన్, గొంతులో పలికే అక్షరం. గ్రీకు అనువాదకులు ఆ ధ్వనిని 'గ'గా రాశారు, అదే మనదాకా వచ్చింది. హెబ్రీలో అవి 'అజ్జా', 'అమోరా'. మూడు పేర్లకూ ఒకే 'గ' చూసి ధాతువు వెతికితే తోవ తప్పుతావు.

హల్లులు తేలాక కంకార్డెన్స్ (బైబిల్లో ఏ మాట ఎక్కడ వచ్చిందో చూపే సూచిక) తీసి ఆ మాట ఇంకెక్కడెక్కడ వచ్చిందో ప్రతి వచనమూ చదువు. నిఘంటువులో వరుసగా ఇచ్చిన అర్థాల్లో నచ్చింది ఏరుకోవడం వ్యాఖ్యానం కాదు. ఒక్కచోటే వచ్చిన మాటైతే పాత గ్రీకు అనువాదం, తర్వాత హెబ్రీకి చుట్టాలైన అక్కదు, ఉగారితు, అరబీ భాషల్లోని బంధు పదాలు, చివరికి నేల, అంటే తవ్వకాలు చూడు.

నేల ఏమిస్తుందో 1 సమూయేలు 13:21 చూడు. ఇశ్రాయేలులో కమ్మరి లేడు, నాగటి నక్కులు సాన పట్టించుకోవాలంటే ఫిలిష్తీయుల దగ్గరికి పోవాలి. అక్కడ 'పీమ్' అనే మాట వస్తుంది, మరెక్కడా రాదు. పాత అనువాదకులు ఊహించి 'ఆకురాళ్లు' అన్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పాలస్తీనా తవ్వకాల్లో అడుగు చదునుగా, పైన గుండ్రంగా ఉన్న చిన్న తూనికరాళ్లు దొరికాయి. వాటిమీద చెక్కినవి మూడే అక్షరాలు: పే, యోద్, మేమ్. బరువు ఏడున్నర గ్రాముల పైచిలుకు, అంటే బైబిలు తులములో (షెకెల్) సుమారు మూడింట రెండు వంతులు. అది పనిముట్టు కాదు, సాన పట్టినందుకు కూలి! శత్రువు చేతిలో ఇనుము ఉంటే రైతు ఎంత చెల్లించాడో ఆ రాయి చెప్పింది.

1 రాజులు 10:28లో ఒక దేశం పేరే దాక్కుంది. సొలొమోను గుఱ్ఱాలను "గుంపులు గుంపులుగా" తెప్పించాడని మనం చదువుతాం. ఇంగ్లీషు పాత అనువాదం అక్కడ నారనూలు అంది. అష్షూరు శాసనాల్లో 'కువే' అనే దేశం కనబడ్డాక తెలిసింది, అది ఇప్పటి టర్కీ దక్షిణాన ఉన్న కిలికియ ప్రాంతం పేరని. గుఱ్ఱాలు వచ్చింది అక్కడినుంచి కూడా.

సంపాదకులు నిన్ను 'పేరు వెనుక మర్మం' అనే శీర్షిక అడుగుతారు. వచన సంఖ్యలు పాఠకుడికి అడ్డమని కొట్టేస్తారు. ఒప్పుకోకు. అవి పోతే నిన్ను సరిచూసే దారి పాఠకుడికి మూసుకుపోతుంది. ప్రతి హెబ్రీ మాటకూ సంస్కృతంలో పుట్టిల్లు వెతికే వేలంవెర్రి కూడా నడుస్తోంది, దాని జోలికి పోకు. నోవహు ఓడకు వాడిన 'గోఫెర్' ఒక్కసారే వచ్చిన మాట. మన బైబిలు చితిసారకం అంది, కొందరు సైప్రస్ అంటారు. ఏ చెట్టో తెలియదని రాసి వదిలెయ్యి.

పుస్తకంగా వేసే సంగతి మరోసారి చూద్దాం. రెండో భాగంలో దావీదు ఉప్పు లోయలో సిరియనులను చంపిన ఘట్టం ఉందన్నావు. 2 సమూయేలు 8:13ను 1 దినవృత్తాంతములు 18:12 పక్కన పెట్టు. అదే లోయ, అదే 18,000 మంది, కానీ అక్కడ ఎదోమీయులు. సిరియాకు హెబ్రీ పేరు అరాము. హెబ్రీ హల్లుల్లో అరాముకూ ఎదోముకూ తేడా ఒక్క అక్షరం, రేష్, దాలెత్. రెండూ పెద్దగా రాసి చూడు: దాలెత్‌కు కుడి పైమూలన చిన్న కొస పొడుచుకొస్తుంది, రేష్‌కు ఆ మూల గుండ్రం. పాత గ్రీకు అనువాదం సమూయేలులో కూడా ఎదోమే అంటుంది. 2 రాజులు 14:7లో అమజ్యా ఎదోమీయులను కొట్టింది కూడా ఉప్పు లోయలోనే. ఆ పేజీ తిరగరాశాకే పంపు.