వింగర్‌ని వదిలేశావు, మరి ఆ లైను ఎవరిది?

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం. రాత్రిళ్లు ఫుట్‌బాల్ మేనేజర్ 2024 (టీమ్‌ని మనమే మేనేజర్‌గా నడిపే కంప్యూటర్ గేమ్) ఆడతాను. 4-2-3-1లో (నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, వాళ్ల ముందు ముగ్గురు, ఒక స్ట్రైకర్) రెండు వైపులా రౌమ్‌డాయిటర్ రోల్ ఇచ్చి వింగర్లను, అంటే అంచుల్లో ఆడేవాళ్లను, ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చాను. మెంటాలిటీ (టీమ్ ఎంత దూకుడుగా ఆడాలన్నది) వెరీ అటాకింగ్, అందరికీ స్వేచ్ఛనిచ్చే ‘బీ మోర్ ఎక్స్‌ప్రెసివ్’ కూడా పెట్టాను. మొదట మూడు మ్యాచ్‌లు గెలిచాను. తర్వాత ఆరింటిలో అయిదు పోయాయి. కుడి వింగర్‌కి ఇరవైకి పేస్ (వేగం) 17, డ్రిబ్లింగ్ (బంతితో దూసుకెళ్లడం) 16 ఉన్నా మ్యాచ్‌లో కనపడడు. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదువుతుంటే నేను పడ్డ అవస్థే గుర్తొచ్చింది. పటమటలో మా డాబా మీది గదిలో, ఇంట్లో అందరూ పడుకున్నాక, దాదాపు ఇదే ట్యాక్టిక్ నడిపాను. వరసగా నాలుగు ఓడాక హైలైట్స్ మానేసి, ఒక ఆటని ‘ఫుల్ మ్యాచ్’లో పెట్టి మొదటినుంచీ చివరిదాకా చూశాను. తెల్లకాగితం మీద గ్రౌండ్ గీసుకుని, అవతలివాళ్ల క్రాస్ (అంచు నుంచి గోల్ ముందుకి వేసే బంతి) ఎక్కణ్ణుంచి వస్తే అక్కడ చుక్క పెడుతూ కూర్చున్నాను. మొత్తం పదకొండు చుక్కలు. అందులో తొమ్మిది మా కుడి మూలనే! నా వింగర్ లోపలికి వెళ్లి గోల్ ముందు కాచుకుని ఉంటాడు, బంతి పోయాక వెనక్కి రాడు, పాపం రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండర్) ఒక్కడే ఇద్దరికి అడ్డం పడుతున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలోనే ఉంది. నువ్వూ ఒక్క మ్యాచ్ అలా చూడు, టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

రౌమ్‌డాయిటర్ అనేది జర్మనీ ఆటగాడు థామస్ ముల్లర్ తన గురించి తాను చెప్పుకున్న మాట. ఖాళీ ఎక్కడుందో పసిగట్టేవాడని అర్థం. 2010 ప్రపంచకప్‌లో ఆయన కుడివైపు ఆడి, అయిదు గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. మెరుపులా పరిగెత్తే మనిషి కాదు, బంతితో నలుగురిని దాటేసే మనిషీ కాదు. కానీ ఆయన వెనక రైట్ బ్యాక్‌గా ఫిలిప్ లామ్ ఉన్నాడు. ముల్లర్ లోపలికి జరిగితే లైను వెంట పైకి రావడానికి లామ్ ఉన్నాడన్న సంగతి నువ్వు మర్చిపోయావు.

అందుకని ముందు ఒకవైపు వింగర్‌నే వదులు. రెండువైపులా వదిలితే గ్రౌండ్‌కి వెడల్పు ఉండదు, అవతలి డిఫెండర్లు నలుగురూ దగ్గరికి జరిగి హాయిగా నిలబడతారు. ఇక ఖాళీ ఎక్కడ పుడుతుంది? ఎడమ వింగర్‌ని మామూలు ‘వింగర్, సపోర్ట్’గా లైనుకి అంటిపెట్టి ఉంచు. కుడివైపు రౌమ్‌డాయిటర్, ఆయన వెనక ‘వింగ్ బ్యాక్, అటాక్’. ఆ వింగ్ బ్యాక్ పైకి పోతే వెనక ఎవరు? దీనికోసమే నేను 4-2-3-1 వదిలి, ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ ఉండే 4-3-3కి వచ్చాను. కుడి మిడ్‌ఫీల్డర్‌కి కారిలేరో రోల్ ఇస్తే, వాడు పక్కకి జరిగి ఆ మూలని కాస్తాడు. పేరు తెచ్చే పని కాదు, గోల్స్ లిస్టులోనూ కనపడడు. నా టీమ్‌లో నాకు అందరికంటే ఇష్టమైనవాడు మాత్రం వాడే.

స్ట్రైకర్ సంగతి నువ్వు రాయలేదు. అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్ (ఎప్పుడూ గోల్ వైపే పరిగెత్తే రోల్) పెట్టి ఉంటే మార్చు, వాడూ రౌమ్‌డాయిటరూ ఒకే చోటికి పరిగెత్తుతారు. ‘డీప్ లైయింగ్ ఫార్వర్డ్, సపోర్ట్’ పెడితే వాడు బంతి కోసం కిందికి దిగుతాడు. సెంటర్ బ్యాక్ వాడి వెంట వస్తే వెనక గుంత పడుతుంది, మనవాడు దూరేది అందులోకే. మొదటిసారి ఇది తెరమీద జరిగినప్పుడు ఆట ఆపేసి మూడుసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాను.

నీ కుర్రాడికి పేస్, డ్రిబ్లింగ్ చెప్పావు గానీ, ఆఫ్ ది బాల్ (బంతి లేనప్పుడు సరైన చోటికి కదలడం) ఎంతో చెప్పలేదు. ఈ రోల్‌కి ప్రాణం అదే. దాని పక్కన యాంటిసిపేషన్ (ముందే పసిగట్టడం), కంపోజర్ (నిబ్బరం), డెసిషన్స్ (సరైన నిర్ణయం) చూడు. ఆఫ్ ది బాల్ తొమ్మిదో పదో ఉంటే వాడు ఖాళీ కనిపెట్టలేడు. వాణ్ణి తప్పుపట్టకు, రోల్ మార్చి ఎడమవైపు వింగర్‌గా ఆడించి చూడు. మెంటాలిటీ ‘పాజిటివ్’కి దించు, ‘బీ మోర్ ఎక్స్‌ప్రెసివ్’ తీసెయ్. తిరిగే స్వేచ్ఛ ఆ రోల్‌లోనే ఉంది, మిగతా పదిమందికీ పంచక్కర్లేదు. ఓడిన ప్రతిసారీ ట్యాక్టిక్ మార్చకు. కొత్త ఆకారం కుర్రాళ్లకి అలవాటవడానికి వారాలు పడుతుంది.

ప్రశ్న: ఇన్‌సైడ్ ఫార్వర్డ్ కూడా లోపలికే వస్తాడు కదండీ, మరి తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: బంతి ఎక్కడుందో చూడండమ్మా. ఇన్‌సైడ్ ఫార్వర్డ్ బంతిని కాలికి తీసుకుని, దాంతోపాటే లోపలికి కోస్తాడు. అందుకే కుడివైపు ఎడమకాలి ఆటగాడైతే మేలు. రౌమ్‌డాయిటర్ బంతి లేకుండా ముందే వెళ్లి ఉంటాడు, బంతి ఆయన దగ్గరికి రావాలి. మీ టీమ్‌లో చూసి పాస్ వేసే మిడ్‌ఫీల్డర్ లేకపోతే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌తోనే మొదలుపెట్టండి.