‘రన్’ కనబడితే కర్తను చూడు

అమ్మాయీ,

ఇంగ్లీషు కథకు నీ తెలుగు అనువాదం చదివాను. కథ నీ చేతికి బాగానే లొంగింది. ఒక్క ‘రన్’ అనే క్రియ దగ్గర మాత్రం మాటిమాటికీ తడబడ్డావు. ఆ మాట అంత విస్తారమైనది మరి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 కూర్పులో అన్నిటికన్నా పెద్ద పద్దు ‘సెట్’ది. తర్వాతి సవరణల్లో ‘రన్’ దాన్ని దాటింది; ఒక్క క్రియగానే 645 అర్థాలు తేల్చారు. వాటిని బట్టీ పట్టనక్కర్లేదు.

తెలుగులో నామవాచకం తనకు అలవాటైన క్రియను వెంటబెట్టుకుని వస్తుంది. కాలువ పారుతుంది, ముక్కు కారుతుంది, తెలంగాణ రైతు నోట బోరు పోస్తుంది. బస్సు నడుస్తుంది, రోజూ ఊరికి వచ్చిపోయేదైతే తిరుగుతుంది. సినిమా ఆడుతుంది, మిల్లూ ఆడుతుంది. కొత్త చీర రంగు దిగుతుంది. రోడ్డు చెరువు పక్కనుంచి పోతుంది. ఎన్నికల్లో మనిషి నిలబడతాడు. ఇన్నిచోట్లా ఇంగ్లీషుకు ‘రన్’ ఒక్కటే చాలు. అందుకని నిఘంటువు తెరిచేముందు క్రియను వేలితో మూసి, మిగిలిన వాక్యాన్ని తెలుగులో పైకి అను. క్రియ దానంతటదే నోటికొస్తుంది.

అయితే ఇక్కడో చిక్కుంది, నువ్వు ఎక్కువగా జారింది ఇక్కడే. ఇంగ్లీషు కర్తే తెలుగులోనూ కర్త కావాలని లేదు. ‘వుయ్ రాన్ అవుట్ ఆఫ్ సాల్ట్’లో కర్త ‘మేము’. తెలుగులో కర్త ఉప్పు: ఉప్పు నిండుకుంది. లేదనడం అశుభమని ఇంటి ఇల్లాలు వాడే మాట అది. గోదాములో సరుకైతే ‘అయిపోయింది’ అను. పిల్లవాడు ‘రన్నింగ్ ఎ ఫీవర్’ అయితే కర్త జ్వరం, పిల్లవాడు ‘కి’ విభక్తిలోకి వెళ్తాడు: పిల్లవాడికి జ్వరం కాస్తోంది. ఎవరు, ఏది అన్నది ముందు తెలుగులో తేల్చుకో, తర్వాతే క్రియ జోలికి వెళ్లు.

‘రన్’ పక్కన ‘ఇంటూ’ లాంటి చిన్న మాట చేరితే రెంటినీ కలిపి ఒకే మాటగా చదువు. ‘రన్ ఇంటూ’ మనిషితో అయితే ఎదురుపడటం, గోడతో అయితే గుద్దుకోవడం.

ఒకరు నడిపించే పనైతే ప్రేరణ రూపం తీసుకో: నడుచు–నడుపు, పారు–పారించు, ఆడు–ఆడించు. ‘ట్రస్టుచే నడపబడుతున్న బడి’ అని రాశావు. ‘ట్రస్టు నడిపే బడి’ అంటే సరిపోతుంది. వడ్ల సంగతి వస్తే పాత్రది ఏ ఊరో చూసుకో, కొన్నిచోట్ల ఆడిస్తారు, కొన్నిచోట్ల పట్టిస్తారు.

పరుగుకు పూర్తిగా భయపడకు. ఆలోచనలు, కాలం, ధరలు తెలుగులోనూ పరుగెడతాయి. కంప్యూటర్ ప్రోగ్రామును ‘రన్ చేయడం’ అలాగే ఉంచు. ‘రన్నింగ్ బస్సు ఎక్కొద్దు’ అనేది ఇప్పటికే మన వాక్యం. క్రికెట్‌లో కథకుడు చెప్పేటప్పుడు పరుగులు, గల్లీ పిల్లల నోట రన్నులు.

అన్నిటికన్నా కష్టమైనది, రచయిత కావాలనే ‘రన్’ను మళ్లీమళ్లీ వాడిన పేరా. నీ అయిదో అధ్యాయంలో నది, దుకాణం, నాన్న ముగ్గురికీ అదే క్రియ. మూడు వేర్వేరు క్రియలు పెడితే అర్థం దక్కుతుంది, ఆ కట్టు తెగిపోతుంది. అక్కడ ‘సాగు’ ప్రయత్నించు: ఏరు సాగుతోంది, దుకాణం సాగుతోంది, నాన్న సాగిపోయాడు. మూడోది కాస్త బరువైనా ఆ పేరా ఆ బరువును మోయగలదు. ‘ఆగు’తో తిప్పి చెప్పడం ఇంకో దారి: ఏరు ఆగలేదు, దుకాణం ఆగలేదు, నాన్నా ఆగలేదు. నాకిదే ఎక్కువ నచ్చింది. నాన్న ఇల్లు వదిలి పోయిన కథ కాబట్టి ‘ఆగలేదు’లో ఆయన పోవడమూ ఉంది, ఎవరూ ఆపలేకపోవడమూ ఉంది. రెండు రకాలుగానూ రాసి, పేరా మొత్తం పైకి చదివి, ఏది ఉంచావో నాకు రాయి.

ఆశీస్సులతో.