బ్యాక్‌గ్రౌండ్ టూల్ మూగబోతే?

ప్రశ్న: సర్, లైనక్స్‌లో సీ లాంగ్వేజ్‌తో చిన్న కమాండ్ లైన్ టూల్ రాశాను, టెర్మినల్‌లో బాగానే నడుస్తుంది కానీ బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలేస్తే మధ్యలో ఎప్పుడో ఆగిపోతోంది, ఎందుకో తెలియట్లేదు. తెరమీద సందేశం చూపించే ప్రింట్‌ఎఫ్‌లు పెట్టినా ఏమీ కనపడట్లేదండీ.

జవాబు: కనపడవు మరి! డీమన్‌గా, అంటే టెర్మినల్‌తో సంబంధం లేకుండా వెనకాల నడిచే ప్రోగ్రామ్‌గా మారేటప్పుడు మామూలుగా అవుట్‌పుట్‌ని డెవ్ నల్‌కి (ఏం రాసినా మాయమైపోయే చోటు) మళ్లిస్తారు, మీ ప్రింట్‌ఎఫ్‌లన్నీ అందులోకే పోతున్నట్టున్నాయి. సిస్‌లాగ్ వాడండి, ప్రోగ్రామ్‌ల సందేశాలని సిస్టమ్ లాగ్‌లోకి చేర్చే ఏర్పాటు అది. మొదట్లో ఓపెన్‌లాగ్‌ని ఒకసారి పిలిచి టూల్ పేరు ఇచ్చి, ప్రాసెస్ నంబర్ కూడా పడే ఆప్షన్ పెట్టి, ఫెసిలిటీ (సందేశం ఏ రకం ప్రోగ్రామ్‌దో చెప్పేది) డీమన్ అని చెప్తే చాలు, ఆ తర్వాత ప్రింట్‌ఎఫ్ ఉన్నచోటల్లా సిస్‌లాగ్ ఫంక్షనే. ఒక్కో సందేశానికీ ఇచ్చే తీవ్రత 0 నుంచి 7 దాకా ఉంటుంది, 0 అంటే సిస్టమ్ పనికిరాని స్థితి, 3 ఎర్రర్, 6 మామూలు సమాచారం, 7 డీబగ్. అన్నిటికీ 3 కొట్టేయకండి, చాలామంది చేసేది అదే, తర్వాత అసలు ఎర్రర్ వెతుక్కోలేక తల పట్టుకుంటారు.

ఇంకోటి, బయటినుంచి వచ్చిన టెక్స్ట్‌ని నేరుగా ఫార్మాట్ స్ట్రింగ్‌గా (సందేశం ఏ రూపంలో రావాలో చెప్పే టెక్స్ట్) ఇవ్వొద్దు, పర్సెంట్ ఎస్ పెట్టి దాని తర్వాత ఇవ్వండి, లేకపోతే సెక్యూరిటీ హోల్ తెరిచినట్టే. పాస్‌వర్డ్‌లు లాగ్‌లో అస్సలు వద్దు. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపే ప్రోగ్రామ్) ఉన్న మెషీన్ అయితే, లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కి మైనస్ టీ ఇచ్చి మీ టూల్ పేరు కొడితే దాని లైన్లే వస్తాయి.