కుక్క మరీ ఎక్కువగా నీళ్లు తాగుతోందంటే ఎండల వల్లేనా?

భీమవరంలో ఉంటాం, మా ఆడకుక్క ఈమధ్య గిన్నెల కొద్దీ నీళ్లు తాగేస్తోంది, ఎండలకేనా అని అడిగారు. కావచ్చు, మన డెల్టా ఉక్కపోతకి తోడు ఎండుచేపలు పెట్టినా దాహం పెరుగుతుంది. ముందు కొలవండి: పొద్దున లెక్కగా నీళ్లు పోసి, మర్నాడు ఎంత మిగిలిందో చూడండి. రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 10 కిలోల కుక్క లీటరుకు మించి తాగితే, అది మామూలు దాహం కాదు. షుగర్, కిడ్నీ జబ్బు ఇలాగే బయటపడతాయి. దురదకి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా అంతే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కకైతే, ఎదకు వచ్చిన కొన్ని వారాలకి గర్భసంచిలో చీము పట్టినా ఇలా దాహం వేస్తుంది, అది ప్రాణం మీదికొచ్చే విషయం, ఆ రోజే డాక్టరుకి చూపించండి. మూత్రం పోసి ఇల్లంతా పాడు చేస్తోందని నీళ్లు మాత్రం ఆపొద్దు. వెళ్లేటప్పుడు పొద్దుటి మూత్రం కొంచెం శుభ్రమైన సీసాలో పట్టుకెళ్లండి, పరీక్షకి ఎలాగూ అడుగుతారు.