కొత్త ఇంటి లాన్‌ను రసాయనాలు లేకుండా పెంచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మట్టి పరీక్ష చేయించండి; మట్టి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 6–7 మధ్య ఉంటే సున్నం జోలికి పోనక్కర్లేదు. చాలా లాన్లు పాడయ్యేది ఎరువు చాలక కాదు, గడ్డిని బోడిగుండులా కొట్టేయడం వల్ల. ఆకు పొట్టిదైతే వేరూ పొట్టిదే. నేలకు ఎండ తగిలి కలుపు మొలుస్తుంది. గుబురుగా పెరిగే రకాలకు 3 అంగుళాలు, పాకే గరిక రకాలకు ఒకటిన్నర ఉంచండి. ఒక్కసారికి మూడో వంతు మించి కోయొద్దు. కోసిన ముక్కలు అక్కడే వదిలేస్తే నత్రజని మట్టికే చేరుతుంది.

గడ్డి చురుగ్గా పెరిగే కాలంలో మాగిన కంపోస్టును జల్లించి పావు అంగుళం మందాన చల్లి, చీపురుతో ఆకుల కిందికి దులపండి. పచ్చి పేడ వేస్తే గడ్డి మాడుతుంది, పైగా కలుపు విత్తనాలు ఉచితం! నీళ్లు రోజూ చిలకరించకండి: వానతో కలిపి వారానికి అంగుళం, ఒకటి రెండు విడతల్లో, తెల్లవారుజామున. నీళ్లు పెట్టేటప్పుడు లాన్‌లో ఖాళీ డబ్బా ఉంచితే, అందులో చేరిన నీటి ఎత్తును బట్టి కొలత తెలుస్తుంది.