ఇటలీ స్వరకర్త దొమెనికో స్కార్లాట్టి కీబోర్డు కోసం రాసిన చిన్న రచనలు, సొనాటాల్లో ‘కె’ నంబరు చిన్నదైతే తేలికా? పియానో నేర్చుకునేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

నంబరుకీ కష్టానికీ సంబంధం లేదు. ‘కె’ అంటే పరిశోధకుడు రాల్ఫ్ కర్క్‌పాట్రిక్ 1953లో ఇచ్చిన వరస. పాత ప్రతుల కాలాన్ని బట్టి పేర్చాడు. కె.1 నుంచి కె.30 వరకు 1738లో లండన్‌లో అచ్చయినవి, చేయి బాగా తిరిగినవాళ్ళకే లొంగుతాయి.

1685లో నేపుల్స్‌లో పుట్టిన దొమెనికో, తండ్రి అలెస్సాండ్రోలాగే ఒపెరాలు, చర్చి సంగీతం రాస్తూ ఇటలీలో గడిపాడు. 1719లో లిస్బన్ వెళ్ళాక రాజకుమారి మరియా బార్బరాకు గురువయ్యాడు. 1729లో ఆమె పెళ్ళయి స్పెయిన్ వెళ్తే తనూ వెళ్ళాడు. 1757లో మాడ్రిడ్‌లో పోయేదాకా ఆమె కొలువే. 555 సొనాటాల్లో అధికభాగం 1752-57 మధ్య ఆమె కోసం ఎత్తిరాసిన సంపుటాల వల్లే మిగిలాయి. ఆయన చేతిరాతలో ఒక్క సొనాటా కూడా లేదు. కాబట్టి నంబరు చూసి ఫలానా వయసులో రాశాడని చెప్పడమూ కుదరదు.

కె.32తో మొదలుపెట్టండి, తర్వాత కె.208. ఇందులో కుడిచేతి పాట తాళానికి వెనకగా పడుతుంది. దానికోసం ఎడమచెయ్యి ఆగిందా, అంతా జారిపోతుంది. ముందు ఎడమచెయ్యి ఒక్కటే మెట్రోనోమ్‌తో (తాళం కొట్టే పరికరం) నిలబెట్టుకోండి.

అందరూ ఎగబడే కె.141లో ఒకే కీని ఆరేసిసార్లు కొట్టాలి: 3-2-1, 3-2-1. కొన్ని స్వరాలు మోగకుండా పోతున్నాయంటే వేగం తక్కువై కాదు, కీ పైకి లేవకముందే తర్వాతి వేలు దిగుతోంది. కొట్టిన వేలిని అరచేతి వైపు లాగేయండి. నిలువు పియానోలో కీ దాదాపు పూర్తిగా లేస్తేగాని మళ్ళీ మోగదు, గ్రాండ్ పియానోలో సగం లేచినా చాలు. నిలువు పియానో మీద కుదరనంత మాత్రాన మీ వేళ్ళను తిట్టుకోకండి.

61 కీల కీబోర్డు అయితే చివరి కాలపు ప్రతుల్లోని కొన్ని మంద్ర స్వరాలు అందవు. హార్ప్‌సికార్డ్ (పియానోకు ముందున్న, తీగల్ని మీటే కీబోర్డు వాద్యం) ధ్వని పెట్టుకుంటే టచ్ సెన్సిటివిటీ ఆపేయండి. ఆ వాద్యంలో గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు.

నెట్‌లో ఉచితంగా దొరికే, లాంగో అనే సంపాదకుడి ప్రతులతో జాగ్రత్త. అందులోని బిగ్గర, మెల్లన గుర్తులు లాంగో చేర్చినవి. స్కార్లాట్టి కావాలని పెట్టిన, చెవికి ఘాటుగా తగిలే స్వరాల కలయికలను కొన్నిచోట్ల ‘దిద్దాడు’ కూడా. ఆ ఘాటు తీసేస్తే స్కార్లాట్టిలో ఇంకేం మిగులుతుంది? నంబర్లూ వేరే: కె.208 అక్కడ ఎల్.238, కె.141 ఎల్.422.