గీకేసిన బండ మీద ఆల్చిప్పలు మళ్లీ రావాలంటే

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా మంగమారిపేట. ఆటు సమయంలో రాళ్ల మీద ఆకుపచ్చ ఆల్చిప్పలు ఏరి అమ్ముతాం. రెండేళ్ల క్రితం ఒక బండను గునపంతో పూర్తిగా గీకేశాం. ఇప్పుడు దాని మీద పాచి తప్ప ఏమీ లేదు. ఎరువు చల్లితే చిప్పలు తిరిగి వస్తాయా?
– ఒక మత్స్యకారుడు

జవాబు: దయచేసి ఎరువు చల్లకండి. పాచి అంత దట్టంగా పెరిగిందంటే అక్కడ పోషకాలకు కొరత లేనట్టే. మన తీరంలో మార్చి నుంచి మే వరకు నైరుతి గాలులకు పైనీరు ఒడ్డు నుంచి సముద్రం లోపలికి జరిగి, అడుగునున్న చల్లని నీరు పోషకాలతో పైకి వస్తుంది. వానల్లో గెడ్డల నీరూ తోడవుతుంది. ఆల్చిప్ప ఎరువును తినదు, ఆ పోషకాలతో నీటిలో పెరిగే కంటికి కనిపించని మొక్కలను వడకట్టుకుని తింటుంది. మీ బండకు తిండి ఉంది, పోయింది ఇల్లు.

ఈసారి ఒక చిప్పల గుత్తిని చేతిలోకి తీసుకుని మెల్లగా విడదీసి చూడండి. చిప్పలను కలిపి పట్టుకున్న నార పోగులు, వాటి మధ్య మెత్తని బురద, అందులో గోరంత పీతలు, సన్నని పురుగులు కనిపిస్తాయి. ఆటులో ఎండ కాస్తున్నా ఆ సందుల్లో తడి ఆరదు, అల నేరుగా తగలదు. చిప్పలు విసర్జించేదే అక్కడి పురుగులకు తిండి, నాచుకు ఎరువు. ఆల్చిప్ప పిల్లలు 2 నుంచి 3 వారాలు నీటిలో తేలి, నున్నటి రాతి కంటే ఇలాంటి పోగులున్న చోటే ఎక్కువగా పట్టుకుంటాయి. పాచిని పట్టుకున్నవి చాలావరకు అలకు దానితోపాటే ఊడిపోతాయి.

పక్క బండ మీద చిప్పలు బాగా ఒత్తుగా ఉన్నచోట కొన్ని చిన్న గుత్తులను, పోగులు చాకుతో కోసి తీయండి, లాగకండి. వాటిని పాత నూలు గుడ్డలో చుట్టి, మీ బండ పగుళ్లలో కొబ్బరి తాడుతో కట్టండి. కొన్ని రోజుల్లో చిప్పలు కొత్త పోగులతో రాయిని పట్టుకుంటాయి, గుడ్డ దానంతటదే కుళ్లిపోతుంది. నైలాన్ వద్దు, అది కుళ్లదు. చచ్చిన చిప్పలను కూడా అక్కడే వదలండి, అవీ ఆసరాయే. ఇకపై ఏరేటప్పుడు పెద్దవి మాత్రమే తీసుకుని, గుత్తుల మధ్యభాగం కదపకండి.

మీ బండ మురుగు గెడ్డ కలిసే చోట ఉంటే మాత్రం అక్కడి చిప్పలు అమ్మవద్దు, ఇంట్లో వండవద్దు. నీటిని వడకట్టే జీవి కాబట్టి మురుగులోని రోగకారక క్రిములు దాని మాంసంలో పోగవుతాయి.